అడిగొస్తా గారు

ఆ స్టూడియోలో అడిగొస్తా గారని ఒకాయన ఉన్నాడు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ఆయన స్వయంగా సంపాదించుకున్నది. ఫొటోలో ఎవరి కాలరైనా వంకరగా ఉంటే, ఆ కాలరు తొడుక్కున్న మనిషిని కనుక్కోకుండా దాన్ని సరిచెయ్యడు. "ఒక్కసారి అడిగొస్తా" అని లేస్తాడు. ఆయన లేచాడంటే ఆ పని ఆ పూటకు అటకెక్కినట్టే.

స్టూడియో ఆయన మేనల్లుడిది. కంపెనీలకు ఫొటోలు, వీడియోలు తీసిపెట్టడం వాళ్ల వ్యాపారం. బయటివాడైతే మేనల్లుడు ఎప్పుడో ఓ దండం పెట్టి సాగనంపేవాడు. కానీ మావయ్య స్వయానా తల్లికి తమ్ముడు. ఒకసారి మాటవరసకు "మావయ్యతో వేగలేకపోతున్నానమ్మా" అన్నందుకు ఆ తల్లి వారంపాటు కొడుకుతో ముభావంగా ఉంది. పైగా ఏఐని వాడటంలో ఆ స్టూడియోలో మావయ్యను మించినవాడు లేడు. మిగతావాళ్లు పొద్దస్తమానం కుస్తీ పట్టే పనిని ఆయన కాఫీ చల్లారేలోగా ముగిస్తాడు. ముగించి, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా అడగడానికి వెళ్లిపోతాడు.

ఒక కంపెనీ వాళ్ల గ్రూపు ఫొటోలో వెలుతురు పెంచమంటే, ఏఐ వెలుతురుతోపాటు చీఫ్ అకౌంటెంటు బట్టతల మీద ఒత్తుగా జుట్టు కూడా మొలిపించింది. ఇంకొకరైతే చడీచప్పుడు కాకుండా తీసేసి ఊరుకునేవారు. మావయ్య ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన మీటింగులో ఉండి, ఏదో ముఖ్యమైన పనేమోనని స్పీకర్లో పెట్టాడు.

"అయ్యా, ఫొటోలో మీ తలమీద జుట్టు మొలిచింది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

మీటింగులో అందరి కళ్లూ అకౌంటెంటు తలమీదికి తిరిగాయి.

"ఎంత మొలిచింది?" అన్నాడు అకౌంటెంటు.

"దువ్వుకునేంత."

"ఇంట్లో అడిగి చెబుతాను."

మర్నాడు ఇంట్లోంచి తీర్పు వచ్చింది, తీసెయ్యమని. ఆ జుట్టున్న మనిషెవరో ఆవిడకు తెలియదట. అకౌంటెంటు మాత్రం గొంతు తగ్గించి, జుట్టున్న కాపీ ఒకటి తనకు విడిగా పంపమన్నాడు.

"ఎలాగూ తీసేసేదే కదా మావయ్యా, అడగడం దేనికి?" అన్నాడు మేనల్లుడు.

"ఉంచమనేవాడేమో, మనకేం తెలుసురా?"

"ఉంచమంటే ఉంచేవాడివా?"

"ఉంచి, కింద 'జుట్టు కంప్యూటరుది' అని రాసేవాణ్ణి."

ఇంకోసారి ఒక ఆఫీసు ముందు తీసిన వీడియోలో దారినపోయే మనిషి ఒకడు అడ్డంగా నడిచాడు. అతన్ని చెరిపెయ్యడం ఏఐకి చిటికెలో పని. మావయ్య ఆ వీధిలో కాపు కాసి అతన్ని పట్టుకున్నాడు. "బాబూ, ఒక్క నిమిషం, మిమ్మల్ని తీసేద్దామనుకుంటున్నాం" అన్నాడు. ఆ పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. మావయ్య వెనకాలే పరిగెత్తాడు. చివరికి విషయం అర్థమయ్యాక అతను మొహం చిన్నబుచ్చుకుని "నన్ను ఎవరూ వీడియో తియ్యలేదు ఇంతవరకు, ఉండనివ్వండి" అన్నాడు. ఆ ఆఫీసు వీడియోలో అతను ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా మనం ఎలా తీసేస్తాంరా అల్లుడూ?" అంటాడు మావయ్య.

పంపుల ఫ్యాక్టరీ పని వచ్చేసరికి మాత్రం మేనల్లుడి ఓర్పు అంచుకొచ్చింది. కొత్తగా చేరే కార్మికులకు చూపించే భద్రతా వీడియో అది. బాగా చేసిపెడితే ఏడాది పొడుగునా ఆ ఫ్యాక్టరీ పనులన్నీ స్టూడియోకే వస్తాయి. లేకపోతే ఈసారి స్టూడియో అద్దె ఎలా కట్టాలో మేనల్లుడికి తెలియదు. శుక్రవారం మధ్యాహ్నంకల్లా ఇవ్వాలి.

"ఇన్నాళ్లూ మా వీడియోలన్నిటికీ సేఫ్టీ ఆఫీసరు మేడమే గొంతిచ్చారు. ఆ గొంతు వింటేనే మావాళ్లు బుద్ధిగా ఉంటారు" అన్నాడు ఫ్యాక్టరీ పబ్లిసిటీ మేనేజరు. "ఆవిడ రిటైరయ్యారు. గొంతుకి ఆపరేషనై మాట పోయింది పాపం. పాత రికార్డింగులు బోలెడున్నాయి. వాడుకోవచ్చని ఆవిడ సంతకమూ ఉంది. ఏఐతో అదే గొంతు చేసెయ్యండి."

మేనల్లుడు పక్కకు తిరిగాడు. మావయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు.

"మావయ్యా, సంతకం ఉంది."

"అది పాత మాటలకురా. ఇవి ఆవిడ ఎన్నడూ అనని మాటలు. ఆవిడ నోట్లో మనం పెడుతున్నాం. ఒక్కసారి అడిగొస్తా."

సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు."

"అమ్మయ్య!"

"మొదటి వాక్యానికి."

మర్నాడు రెండో వాక్యం పట్టుకెళ్లాడు. అందులో 'దయచేసి' తీసెయ్యమన్నారట, తిరిగే యంత్రం దగ్గర దయేమిటని. ఆ మర్నాడు, వీడియో మొదట్లోనే 'ఈ గొంతు కంప్యూటరుది, మాటలకు అనుమతి మేడమ్‌ది' అని వెయ్యాలన్నాడు.

"ఎవరన్నారు?"

"నేనే. ఆవిణ్ణి అడిగి."

మేనల్లుడికి తలప్రాణం తోకకొచ్చింది. గురువారం మేనేజరు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నానికి రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. మావయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎవరింట్లోనైనా ఉంటే, ఆ ఇంటివాళ్లను అడక్కుండా ఫోన్ ఎత్తడం కూడా ఆయనకు అలవాటు లేదు. ఇక లాభం లేదని మేనల్లుడు స్కూటరు తీశాడు.

మేడమ్ గారి భర్త తలుపు తీశాడు.

"మీరూ అడగడానికేనా?"

"కాదండీ. ఆయన్ని తీసుకెళ్లడానికి."

"అంత పని చెయ్యకండి" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆపరేషనయ్యాక మనిషి ముడుచుకుపోయిందండీ. ఎవరొచ్చినా లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. మాటలేని దానితో ఎవరికేం పని అని బోర్డు మీద రాసి చూపించేది. ఈయన అడగడానికి రావడం మొదలెట్టాక, పొద్దున్నే తయారై ఫ్యాక్టరీకి పెట్టుకెళ్లే కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటోంది."

లోపల ఆవిడ ఒడిలో చిన్న వైట్‌బోర్డు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఎదురుగా మావయ్య, పాఠం అప్పజెప్పే పిల్లాడి మొహంతో. లాప్‌టాప్ లోంచి ఒక గొంతు "చేతులు వెనక్కి పెట్టండి" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపి, నేను ఇంత మెత్తగా ఎప్పుడన్నాను, అని రాసింది. మావయ్య ఏవో సర్దాడు.

"చేతులు వెనక్కి!"

మేనల్లుడు తనకు తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ అతన్ని చూసి, ఇప్పుడు సరిగ్గా ఉంది, అని రాసింది.

"ఒక్క వాక్యమే మిగిలిందిరా అల్లుడూ. దాని దగ్గరే ఆగాం" అన్నాడు మావయ్య.

అది 'మన ఫ్యాక్టరీలో ప్రమాదానికి తావే లేదు' అన్న వాక్యం. మేనేజరు ముచ్చటపడి రాసుకున్నది. ఆవిడ బోర్డు తిప్పి చూపించింది: ఈ మాట నేను అనను. దాని కింద రెండు గీతలు. ఆ గీతల కింద ఇంకో మాట: తావే లేదంటే ఎవడు జాగ్రత్తగా ఉంటాడు?

ఒక్క బటన్ నొక్కితే కంప్యూటరు ఆ మాటను ఆవిడ గొంతుతోనే చక్కగా అనేస్తుంది. ఆవిడకు తెలిసే అవకాశమే లేదు. ఆ ఆలోచన మేనల్లుడికి వచ్చింది. ఆవిడ ఎదురుగా నిలబడి అలా ఆలోచించినందుకు అతనికి సిగ్గేసింది. మావయ్య అతనికేసే చూస్తున్నాడు.

"ఒక్కసారి అడిగొస్తా" అన్నాడు మేనల్లుడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు కంగారుపడుతూ వరండాలోకి వెళ్లి మేనేజరుకు ఫోన్ చేశాడు.

"ఆ వాక్యం ఉండాల్సిందే. డైరెక్టరు గారికి బాగా నచ్చింది. అయినా అనేది కంప్యూటరే కదా?" అన్నాడు మేనేజరు.

"మేడమ్‌ని అడిగామండీ. అననన్నారు."

"ఆవిణ్ణే అడిగారా?"

"అవునండీ."

"కోపంగా ఉన్నారా?"

"కింద రెండు గీతలు గీశారు."

"రెండా!" మేనేజరు గొంతు సన్నబడింది. "నేను చేరిన కొత్తలో హెల్మెట్ పెట్టుకోకుండా లోపలికి వెళితే ఆవిడ అందరిముందూ నన్ను... సరే, అదంతా ఇప్పుడెందుకు! తీసెయ్యండి. డైరెక్టరుకు నేను చెప్పుకుంటాను. తీసెయ్యమన్నది నేనేనని ఆవిడతో చెప్పడం మర్చిపోకండి."

మేనల్లుడు లోపలికొచ్చి ఆ కబురు చెబితే, ఆవిడ బోర్డు తుడిచి, ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుంటున్నాడా, అని రాసింది. పని చేజారకుండా నిలబడింది. ఇక బయల్దేరదామంటే మావయ్య కదల్లేదు.

"ఇంకొకటి అడగాలిరా" అని ఆవిడవైపు తిరిగాడు. "అమ్మా, ఈ గొంతు మీది. వీడియో అయిపోయాక దీన్ని మా దగ్గర ఉంచుకోవడం న్యాయం కాదు. మీ ఫోన్లో పెట్టమంటారా? మీరు టైపు చేస్తే ఇది పలుకుతుంది."

వీడియో వరకే అయితే ఆ గొంతు మొదటిరోజే సరిపోయేదని మేనల్లుడికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ మావయ్య ఒక్కో వాక్యం మోసుకొచ్చింది, ఆవిడ విని ఇది నేనే అని ఒప్పుకునేదాకా దాన్ని దిద్దడానికి. మావయ్య మీద అతనికి చచ్చేంత ప్రేమ కలిగింది. పైకి మాత్రం "ముందే చెప్పొచ్చుగా" అని గొణిగాడు.

ఆవిడ చాలాసేపు ఫోన్‌కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలూపింది. మావయ్య ఫోన్ సిద్ధం చేసి ఇచ్చాక, కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం నొక్కింది. గుమ్మంలో నిలబడ్డ భర్తకేసి చూస్తూ చివరి బటన్ నొక్కింది.

"ఏమండీ, తడి తువ్వాలు మళ్లీ మంచం మీద పడేశారు!"

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి మావయ్యవైపు తిరిగాడు.

"ఊళ్లోవాళ్లందర్నీ అడిగి చేస్తావే, ఏడాదిగా ఇల్లు ప్రశాంతంగా ఉంది. నన్నొక్క మాట అడిగావా బాబూ?"

మావయ్య మొహం పాలిపోయింది. నిజంగానే అడగలేదు.

"తప్పయిపోయిందండీ. తీసెయ్యమంటారా?"

"తీసి చూడు, చెబుతాను!" అని ఆయన లోపలికి వెళ్లాడు. మంచం మీది తువ్వాలు తీసుకెళ్లి పెరట్లో తీగ మీద ఆరేశాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మళ్లీ తీసి, తెచ్చి మంచం మీద పడేసి, ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.