గోడ పక్కన తొమ్మిది ఉచ్చులు

2023 వేసవి. గచ్చిబౌలిలోని ఒక ఐటీ క్యాంపస్‌లో హార్టికల్చర్ సూపర్‌వైజర్‌గా, అంటే పచ్చికకూ పూలమడులకూ బాధ్యురాలిగా, పనిచేస్తున్నాను. మా వెనక గోడ అవతల ఇంకా కట్టడాలు రాని రాళ్లగుట్ట, తుప్పలు ఉన్నాయి. అక్కడి కుందేళ్లు తూముల్లోంచి దూరి లోపలికి వచ్చేవి.

విదేశీ క్లయింట్లు వస్తున్నారని గేటు దగ్గర బంతి నారు వేయించాం. రెండు రోజులకే మొండి కాడలే మిగిలాయి. పురుగు తింటే ఆకుకు చిల్లులు పడతాయి. ఇక్కడ కాడలు కత్తెరతో ఏటవాలుగా కోసినట్టున్నాయి. అది కుందేలు పని.

ఫెసిలిటీ మేనేజర్ ప్రసాద్‌గారు ఎవరో మనిషిని మాట్లాడి, ఉచ్చులు పెట్టిస్తానన్నారు. వర్క్ పర్మిట్ మీద, అంటే పని మొదలుపెట్టడానికి అనుమతి కాగితం మీద, ‘పెస్ట్ కంట్రోల్’ అని రాసి నన్ను సంతకం పెట్టమన్నారు.

ఇవి ఎవరో పెంచుకునే తెల్ల కుందేళ్లు కావని, అడవి జంతువులని చెప్పాను. వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని చంపడమే కాదు, పట్టుకోవడానికి ఉచ్చు పెట్టడం కూడా వేట కిందకే వస్తుందని చెప్పాను. ఎలుకలకు బోను పెట్టడం లేదా అని ఆయన నవ్వారు. నేను కాగితం తిరిగిచ్చేశాను. నా వంతు అయిపోయిందనుకున్నాను.

మూడో రోజు పొద్దున నేను వచ్చేసరికి మల్లమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన మనిషి. మా తోటపనివాళ్లలో అందరికన్నా పెద్దది. నా చెయ్యి పట్టుకుని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

సెక్యూరిటీ వాళ్లు అన్నం పెట్టే ఎర్ర కుక్క అక్కడ పడి ఉంది. బ్రేకు వైరుతో చేసిన ఉచ్చు ముందుకాలికి బిగుసుకుంది. గుంజుకున్న కొద్దీ వైరు చర్మం కోసుకుని లోపలికి దిగింది. అరిచే ఓపిక కూడా దానికి లేదు.

మల్లమ్మ గోనెసంచి దాని తల మీద కప్పి, మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుంది. నేను కటింగ్ ప్లేయర్‌తో వైరు తెంపాను.

“ఉచ్చుకేం తెలుస్తది మేడమ్,” అంది. “కుందేలా, కుక్కా అని సూడదు. మా నాయిన పెట్టిన ఉచ్చుల మా మేకపిల్లనే వడి సచ్చింది. గప్పటిసంది మా ఇంట్ల ఎవ్వరం పెట్టలే.”

కుక్కను సెక్యూరిటీ వాళ్లతో పశువుల దవాఖానకు పంపాం. తర్వాత ఇద్దరం గోడ పొడవునా నడిచి, కనబడిన ఉచ్చునల్లా పీకేశాం. మొత్తం తొమ్మిది. అన్నిటినీ తీసుకెళ్లి ప్రసాద్‌గారి బల్ల మీద పెట్టాను. మల్లమ్మ కూడా నా వెంట వచ్చింది.

ఆయన వాటిని చూసి, “మీ కాంట్రాక్ట్ నెలాఖరుకి అయిపోతుంది, గుర్తుందా?” అన్నారు.

“గుర్తుందండి. వీటిని తీసింది నేనేనని రాసి సంతకం పెడతాను. పెట్టించింది మీరని మీరు రాసి సంతకం పెట్టండి.”

ఆయన మల్లమ్మను బయటికి వెళ్లమన్నారు. ఆమె కదల్లేదు. “నేను గూడ తీసిన సార్. నా వేలిముద్ర గూడ తీస్కోండ్రి,” అంది.

ఆ మధ్యాహ్నమే జరిగింది జరిగినట్టు ఫొటోలతో కంపెనీ అడ్మిన్ విభాగానికి మెయిల్ రాశాను. ఇంకొక్క ఉచ్చు కనబడినా అటవీశాఖకు ఫిర్యాదు చేస్తానని కూడా రాశాను. ఉచ్చులు ఆగిపోయాయి. తూములకు ఇనుప జాలీలు బిగించాం. మడుల చుట్టూ కోళ్లగూళ్లకు వాడే సన్న జాలీ కట్టి, కింది అంచును జానెడు లోతున, బయటివైపు వంచి పాతాం. కుందేలు తవ్వినా జాలీయే అడ్డొస్తుంది. మళ్లీ వేసిన నారు బతికింది. క్లయింట్లు వచ్చేనాటికి మాత్రం పువ్వు పూయలేదు.

కుక్క బతికింది, కుంటుతూ. నా కాంట్రాక్ట్ పొడిగించారు గానీ, నానక్‌రామ్‌గూడలో కుండీలు తప్ప నేల లేని టవర్‌కు పంపించారు. అది శిక్షేనని అందరికీ తెలుసు. ఉచ్చులు తీసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు.

పశ్చాత్తాపం ఉన్నదల్లా ఆ మొదటి రెండు రోజుల గురించే. సంతకం పెట్టలేదు కాబట్టి నా చేతికి మట్టి అంటలేదనుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకున్న సమయంలోనే ఆ కుక్క కాలు కోసుకుపోయింది. ఇప్పుడైతే వద్దని చెప్పి ఊరుకోను. వద్దన్న పని జరుగుతోందేమో నేనే వెళ్లి చూస్తాను, జరుగుతుంటే ఆపుతాను. అందుకు మళ్లీ ఎక్కడికి పంపుతారో పంపుకోనివ్వండి.