రోహిణి కార్తెలో దక్షిణపు నీడ

అండాలు డిగ్రీలో చేరేనాటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. తోటి పిల్లలకేమో పద్దెనిమిది. మధ్యలో పోయిన ఆ ఏళ్లన్నీ గొర్రెలు తినేశాయి. కోస్గి పక్క పల్లెలో మంద కాసే పర్వతాలు కూతురామె. పదో తరగతి పాసైన ఎండాకాలంలోనే తండ్రి గుట్ట మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అన్న నరసింహ అప్పటికే పట్నంలో పనికి కుదిరిపోయాడు. డెబ్బై గొర్రెలు దొడ్లో నిలబడి అరుస్తుంటే ఆ పిల్లే కర్ర అందుకుంది. మంద వెంట తిరుగుతూనే ఓపెన్‌లో ఇంటర్ కట్టి, పాసై, తండ్రి కాలు కూడుకున్నాక మహబూబ్‌నగర్‌లో ఓ డిగ్రీ కాలేజీలో చేరింది.

మొదటి రోజు హాజరు పలుకుతుంటే వెనక బెంచీలోంచి ఎవడో "మే..." అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అండాలు వెనక్కి తిరిగి, "గొర్రె గట్ల ఒర్లదు తమ్మీ. గది మేక. అరుపు గూడ సక్కగ రాకపోతే ఎట్ల?" అంది. మళ్లీ ఎవరూ ఆ కూత కూయలేదు.

ఆఖరి సెమిస్టర్‌లో ఖగోళశాస్త్ర పరిచయం అనే పేపరొకటి తీసుకోవచ్చన్నారు. సులువుగా మార్కులొస్తాయని ముప్పై ఎనిమిది మంది ఎగబడ్డారు. పాఠం చెప్పేది మంజులత మేడం. రోజూ హైదరాబాదు నుంచి వచ్చిపోయేది. గొంతు కటువు గానీ చెప్పడంలో దిట్ట. సూర్యుడు ఏడాది పొడుగునా చుక్కల మధ్య నడిచే దారిని ఆమె బోర్డు మీద గీసిన రోజు, ఆ దారిలోని మజిలీలే తమ కార్తెలని అండాలు గుర్తుపట్టింది. భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. నాయిన నోట విన్నవన్నీ పుస్తకంలోకి వచ్చి కూర్చున్నట్టనిపించి ఆమెకు భలే సంతోషమేసింది.

రికార్డు కోసం పిల్లలకో పని పెట్టారు. మీటరు కట్టెను నిటారుగా పాతి, జనవరి నుంచి మే నెలాఖరు దాకా వారానికోసారి మిట్టమధ్యాహ్నం నీడ కొలవాలి. ఎంత పొడుగో, ఏ దిక్కుకో రాయాలి. ఏప్రిల్ దాకా అందరూ ఎలాగో కొలిచారు. మే సెలవుల్లో ఎండలో ఎవడు నిలబడతాడు? ఇళ్లల్లో కూలర్ల ముందు కూర్చుని, పాత అంకెలనే కాస్త అటూ ఇటూ చేసి, ఒకరిది చూసి ఒకరు నింపేశారు. అండాలు మాత్రం ఊళ్లో దొడ్డి పక్కన కట్టె పాతి కొలిచింది. మే ఎనిమిదిన కట్టెకు నీడే లేదు. ఆ తర్వాతి వారాల్లో నీడ దక్షిణానికి తిరిగింది. చూసింది చూసినట్టు రాసుకుంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. జూన్ మూడున మేడం ఆ రికార్డును అందరి ముందు పైకెత్తి పట్టుకుంది.

"మన దగ్గర మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని ప్రాక్టికల్స్ మాన్యువల్‌లోనే ఉంది. ముప్పై ఏడు మందికి ఉత్తరానికి పడ్డ నీడ నీ ఒక్కదానికి దక్షిణానికి ఎలా పడిందమ్మా? దిక్కులు కూడా తెలియవా?"

"తెలుసు మేడం. నేను కొలిచే రాసిన."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు. రేపటికల్లా దిద్ది తీసుకురా. లేకపోతే సంతకం పెట్టను."

మే నెల పేజీలన్నిటి మీద ఎర్రసిరాతో 'తప్పు' అని అడ్డంగా రాసి బల్ల మీద పడేసింది. అండాలు తల దించుకుని తీసుకుంది. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కు రానివ్వరు. ప్రాక్టికల్స్ లేకపోతే ఈ ఏడు డిగ్రీ రాదు. తండ్రికి మోకాళ్లు అరిగిపోయాయి. ఈ ఏడు చదువు ముగియకపోతే మళ్లీ మంద వెంటే నడవాలని ఇంట్లో ముందే అనుకున్నారు.

సాయంత్రం హాస్టల్లో పక్క మంచం పిల్ల కోమల తన రికార్డు తెచ్చి ఒళ్లో పెట్టింది. "అక్కా, నాది చూసి రాసెయ్. గీ నీడ ఎటు పడితే నీకేంది? డిగ్రీ పోగొట్టుకుంటవా?"

ఆ మాటా నిజమే. అండాలు పెన్ను మూత తీసింది. 'ఉత్తరం' అని రాయబోయి ఆగింది. తప్పు తనదే అయితే దిద్దుకోవడానికి సిగ్గేముంది? ఒకవేళ తనే పొరబడిందేమోనని తండ్రికి ఫోన్ చేసింది.

"నాయినా, రోహిణిల నడిపగటీలి రాతిగుండుకు నీడ ఏ దిక్కుంటది?"

"ఏంది బిడ్డా, గప్పుడే మర్సిపోయినవా?" పర్వతాలు నవ్వాడు. "చెట్టు లేని కాడ భరణి దాటంగనే మందను గుండుకు దక్షిణం దిక్కు మలపాలె గద. గొర్రె తలకాయ పెట్టుకునేంత నీడ గాడనే ఉంటది. ఉత్తరం దిక్కు తోలితే ఎండకు మాడిపోతయ్."

అండాలు పెన్ను మూత బిగించి, కోమల రికార్డు కోమలకిచ్చేసింది. తాతముత్తాతల నుంచి గొర్రెలకు తెలిసిన సంగతి మాన్యువల్‌కు తెలియకపోతే దిద్దుకోవాల్సింది మాన్యువలే. ఆ మాన్యువల్ రాసింది ఎక్కడో ఉత్తరాదిన. అక్కడ పొద్దు నడినెత్తి దాటి ఉత్తరానికి రాదు. అక్కడి నీడలు అక్కడివి.

మర్నాడు పన్నెండుకు పది నిమిషాలుండగా కాలేజీ మైదానంలో కట్టె పాతి, స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. "మేడం, జర బయటికి రాన్రి."

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోకి మేడం విసుక్కుంటూనే వచ్చింది. సరిగ్గా పన్నెండుకు నీడ నైరుతి మూలకుంది.

"ఇదేనా నీ దక్షిణం?"

"ఇంక పావుగంట ఆగున్రి. గడియారంల పన్నెండు వేరు, పొద్దు నడినెత్తికొచ్చే యాళ్ల వేరని మీరే చెప్పిన్రు గద."

మేడం కొంగు నెత్తిన కప్పుకుని నిలబడింది. నీడ మెల్లగా కుంచించుకుంటూ జరిగింది. పన్నెండుంపావు దాటగానే అండాలు టేపు పెట్టింది. పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మేడం ఫోన్లో దిక్సూచి తెరిచి నీడ పక్కన పట్టుకుంది. దక్షిణం. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ కొలిచింది. మళ్లీ దక్షిణమే. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"సూర్యుడు ఇప్పుడు మనకంటే ఉత్తరాన ఉన్నాడు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "నాకు తెలిసిన సంగతే. అయినా మాన్యువల్‌నే నమ్మాను." లేచి చెయ్యి చాపింది. "రికార్డివ్వు, సంతకం పెడతాను. ఇక ఈ సంగతి ఇక్కడితో వదిలేయ్."

అండాలు రికార్డును గుండెకు అదుముకుంది. ఆ సంతకం కోసమే రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అయినా చెయ్యి ముందుకు రాలేదు.

"తప్పని అందరి ముందట రాసిన్రు మేడం. ఒప్పని గూడ అందరి ముందటనే రాయున్రి."

"నన్ను పిల్లల ముందు తల దించుకోమంటావా?"

"నిన్న నేను దించుకున్న. ఇయ్యాల మీరు ఒక్క నిమిషం దించుకోన్రి."

మేడం ముఖం కందిపోయింది. కొట్టేలా చూసింది. అండాలు కళ్లు దించలేదు. చివరికి మేడమే వెనుదిరిగి క్లాసు వైపు నడిచింది.

ఆమెను మెచ్చుకోవాలి. నసగలేదు, నానబెట్టలేదు. "అండాలు రాసింది సరి. నేను తప్పు," అని అందరి ముందు చెప్పి, ఎర్రసిరా మాటలు కొట్టేసి, పక్కనే సంతకం పెట్టింది. తర్వాత మిగతా రికార్డుల కట్ట ముందేసుకుంది.

"మరి మీ ముప్పై ఏడు మంది నీడలు ఉత్తరానికి ఎలా పోయాయి?"

ఆ కట్టను మేడం తిరిగి పిల్లల వైపు తోసింది.

"ప్రాక్టికల్స్‌కు ఇంకా పది రోజులుంది. రేపటి నుంచి వారం పాటు రోజూ మధ్యాహ్నం మైదానంలో నిలబడి కొలవండి. అప్పుడే సంతకం."

మేడం గడప దాటగానే కోమల అండాలు మీద విరుచుకుపడింది. "నీ ఒక్కదాని కోసం మేమందరం గీ ఎండల సావాల్నా?"

అండాలు రికార్డు సంచిలో పెట్టుకుని లేచింది.

"సావరు తియ్యి. రోహిణిల మా గొర్లే సావలే. మీరు సస్తరా?"