ఆ యాభై రూపాయల కాజాలు

మా అన్నయ్య చివరగా చేసిన పని కాజాల పొట్లాన్ని వంటింటి కిటికీ ఊచకు దారంతో కట్టి వేలాడదీయడం. చీమలు పట్టకుండా. అది ఏడో తారీఖు, జీతం పడిన రోజు. పొద్దుటి డ్యూటీ దిగి రెండింటికి ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, పొట్లం కట్టాడు. "కాసేపు నడుం వాలుస్తాను, నాలుగింటికి లేపు మంగా" అన్నాడు. వదిన నాలుగింటికి లేపింది. లేవలేదు. గుండెపోటన్నారు. నలభై మూడేళ్లు.

మా అన్నయ్య గుబ్బల తాతాజీ అంటే ఉండి ఊరికెళ్లే రోడ్డులోని రొయ్యల కంపెనీలో తెలియనివాళ్లు లేరు. తొమ్మిదేళ్లు కంప్రెసర్లు నడిపాడు. అవి ఆగితే గదుల్లో గడ్డకట్టిన సరుకంతా కుళ్లిపోతుంది. మీటరు చూడకముందే శబ్దం విని ఏ మిషను మొరాయించబోతోందో చెప్పేసేవాడు. మా ఇంటికొచ్చినా ముందు ఫ్రిజ్ మీద చెయ్యి వేసేవాడు. "దీనికి ఆయాసంగా ఉంది చెల్లెమ్మా, వెనకాల దుమ్ము దులుపు. నువ్వు మొగుడికి తప్ప దేనికీ దులపవు" అని నవ్వేవాడు.

ఉద్యోగంలో చేరిన రోజు కథ అన్నయ్య నోట కనీసం ఇరవైసార్లు విన్నాను. భోజనాల దగ్గర భరణి గొంతు, తన గొంతు రెండూ తనే పలికేవాడు. భరణి అక్కడ హెచ్చార్ ఆఫీసరు.

"తాతాజీ గారూ, పీఎఫ్ కావాలా, వద్దా?"

"కావాలంటే ఏంటండి, వద్దంటే ఏంటండి?"

"కావాలంటే నెలనెలా జీతంలో కోత. ముసలితనం దాకా ఆ డబ్బు కంటికి కనపడదు. వద్దంటే మొత్తం చేతికే."

"ముసలితనం ఎవరు చూశారండి. చేతికే ఇచ్చేయండి, ఆయ్."

ఆ మాటకు మేమంతా నవ్వేవాళ్లం. నేను కూడా.

ఆ కంపెనీలో సంతకం పెట్టాల్సిన చోటల్లా ముందే పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచుతారు. చేరేవాళ్లు టిక్కు చూసి సంతకం పెడతారు, రాత చూసి కాదు. రాతంతా ఇంగ్లీషు. అన్నయ్య ఏడు టిక్కుల దగ్గర ఏడు సంతకాలు పెట్టాడు. ఆర్డరు కాగితంలో బేసిక్ జీతం పదిహేను వేల యాభై అని ఉంది.

"ఈ యాభై ఏంటండి, తోకలాగ?" అని అడిగాడట.

"మీ అనుభవానికి మా ఓనరు గారి గౌరవం అనుకోండి" అన్నాడట భరణి.

అన్నయ్య ఆ మాట నమ్మాడు. ఇంటికొచ్చి, "పదిహేను వేలు నాకు, యాభై నీకు ఇచ్చారే మంగా" అన్నాడు. ఆనాటి నుంచి ప్రతి ఏడో తారీఖూ యాభై రూపాయల కాజాలు. ఏటా పెంచేదేదో వేరే అలవెన్సుల కింద పెంచారు తప్ప బేసిక్ ముట్టుకోలేదు. కాజాల ధర మాత్రం పెరిగి, పొట్లం చిక్కిపోతూ వచ్చింది.

పదకొండో రోజు అయ్యాక వదినా నేనూ కంపెనీకి వెళ్లాం. గేటు మీద అన్నయ్య ఫొటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. "మా కుటుంబ సభ్యుడికి అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. భరణి మంచినీళ్లు ఇప్పించి, విచారంగా మొహం పెట్టి, ఫైలు తెరిచాడు.

"పీఎఫ్ లేదమ్మా. తాతాజీ గారే వద్దన్నారు. ఇదిగో, సంతకం."

వదిన ఆ సంతకం చూసి అడిగింది. "లోడింగులో పోతురాజు పోతే వాళ్లావిడకి పెన్షను వస్తోంది కదండీ. బీమా డబ్బూ ఇచ్చారంట. మరి మాకు?"

"పోతురాజు జీతం పద్నాలుగు వేలమ్మా. అలాంటివాళ్లకి కట్టక తప్పదు."

ఆ "తప్పదు" నా చెవిలో ఉండిపోయింది. మర్నాడు ఇంట్లో ఉన్న అన్నయ్య ఆర్డరు కాగితాలు పట్టుకుని రాజమండ్రి పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒకావిడ కళ్లజోడు పైకి తోసి చదివింది.

"చేరేటప్పుడు పదిహేను వేలు దాటకపోతే ఎవరి ఇష్టంతోనూ పనిలేదమ్మా, కంపెనీ కట్టి తీరాలి. దాటితేనే వద్దని రాసిచ్చే వీలుంది, అదీ అంతకుముందు ఎక్కడా పీఎఫ్ లేనివాళ్లకి. మీ అన్నయ్య గారికి పదిహేను వేల యాభై వేశారు."

"అంటే ఆ యాభై?"

"గీత దాటించడానికమ్మా. ఇలాంటివి చాలా చూశాను."

"తర్వాత చేరతానంటే?"

"ఎప్పుడైనా చేరొచ్చు. కంపెనీ కూడా సరేనని సంతకం పెట్టాలి, అంతే. ఇప్పుడు మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

బస్సులో కూర్చుని తొమ్మిదేళ్ల కాజాలు తలుచుకున్నాను. మా వదినకు రావాల్సిన పెన్షను, మేనకోడలి చదువుకు అందాల్సిన బీమా నెలకు యాభై రూపాయలతో కొనేశారు. అమ్మినట్టు మా అన్నయ్యకు తెలియదు, పైగా దాన్ని గౌరవమనుకుని ఇంటికి తీపి తెచ్చాడు. ఫ్లెక్సీ మీద కుటుంబ సభ్యుడు, ఫైల్లో బయటివాడు. ఇంటికి పోకుండా నేరుగా కంపెనీ దగ్గర దిగాను.

"భరణి గారూ, మీకు పీఎఫ్ కడుతున్నారా?"

ఆయన ఏసీ వైపు చూశాడు. "కడుతున్నారమ్మా."

"మీరెందుకు వద్దనలేదు?"

"నేనూ జీతగాణ్ణేనమ్మా. చెప్పమన్నది చెప్పాను."

"చెప్పమన్నది చెప్పారు. తెలిసింది దాచారు. మీ ఓనరు గారి గౌరవం తిన్నాం మేము, తొమ్మిదేళ్లు. ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి."

నా గొంతుకు గుమాస్తాలు తలలెత్తి చూశారు. బయటికొచ్చేసరికి ఫ్లెక్సీ అక్కడే ఉంది. ఫ్లెక్సీ తాళ్లు నా చేత్తోనే లాగేశాను. వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు.

అన్నయ్యతో కలిసి డ్యూటీ చేసే సూరిబాబు, అక్కడే ఉండిపోయిన అన్నయ్య టిఫిన్ క్యారేజీ పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"పోతురాజు వాళ్లావిడకి పెన్షనొచ్చిందని తెలిశాక తాతాజీ గారు లోపలికెళ్లారండి. మూడు నెలలైంది. నేను పక్కనే ఉన్నాను. 'ఆ యాభై మీరే తీసేసుకోండి భరణి గారూ, నన్నూ పీఎఫ్‌లో వేసెయ్యండి' అన్నారండి. ఒకసారి వద్దన్నాక ఇంక కుదరదన్నారు భరణి గారు. ఇంట్లో చెప్పొద్దురా, మంగ బెంగపడుద్ది అన్నారండి తాతాజీ గారు."

మా వీధి అర్జీలన్నీ రాసేది నేనే. పీఎఫ్‌లో చేర్చమనే ఆ ఒక్క అర్జీ మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

అది ఏ రోజని సూరిబాబును అడిగాను. ఏడో తారీఖేనట. ఆ రోజు కూడా ఇంటికి పోతూ సూరిబాబు బండి ఆపించుకుని కాజాలు కొన్నాడట.