చుక్కల కప్పల వాగు

ఎర్మెలిందా రోజూ పొద్దున్నే మురికి బట్టలు పట్టుకుని వాగుకు వెళ్ళేది. ఇప్పుడు బట్టలన్నీ ఇంటి వెనక వాననీటి తొట్టి దగ్గరే ఉతుక్కుంటోంది. ఇంటికి పైనున్న వాగుకు వట్టి చేతులతో వెళ్ళి, బండల మీద హంబాతో అనే చుక్కల కప్పలు ఎన్ని కనబడితే అన్ని లెక్కపెట్టి వస్తుంది. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. గెంతవు, ముసలివాళ్ళలా ఒక్కో అడుగూ వేస్తాయి. ఒళ్ళంతా విషమే, పాము కూడా జోలికి పోదు. నాలుగు నెలల కిందటి వరకూ ఆ లెక్క ఆమె భర్త ఎవుదోరో చూసేవాడు. చనిపోయే ముందురోజు కూడా "ఎన్ని?" అనే అడిగాడు.

కప్పలు మిగిలింది ఆ పై వాగులోనే, కింది వాగులో ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆ కొండల్లో అతిథి లేచేలోగా అతని బూట్లు కడిగి పొయ్యి పక్కన ఆరబెట్టడం ఇల్లాలి మర్యాద. బురదతో వదిలేస్తే మళ్ళీ రావద్దన్నట్టే. నిరుడు ఒకాయన బూట్లు ఆమె కింది వాగులోనే కడిగింది. నెల తిరక్కుండా కప్పలు వెల్లకిలా తేలాయి. వేరే వాగు బురదతో తెగులొస్తుందని అడవి శాఖ వాళ్ళు తర్వాత చెప్పారు. బూట్లు కడిగిన సంగతి ఆమె ఎవుదోరోకు కూడా చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఒకతను చేతిలో మూత పెట్టిన డబ్బాతో వచ్చి రాత్రికి చోటడిగాడు. పిట్టల్ని చూడ్డానికొచ్చాడట. ఆమె అరటికాయలు ఉడికించి పెట్టింది. బెల్లం కోసం వచ్చిన పక్కింటి రొసౌరా గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిట్టలు చూసేవాడికి దుర్భిణి ఏదీ వదినా? చెవులతో చూస్తాడా?"

"మెల్లగా, వింటాడు."

"విననీ. ఆ డబ్బా మూతకు చిల్లులెందుకో కూడా అడుగు."

అతను నవ్వాడు. "పళ్ళు కుళ్ళకుండానమ్మా."

"ఎటునుంచి వస్తున్నావు బాబూ?" అంది ఎర్మెలిందా.

"బస్సు దిగి నేరుగా ఇటే. ఏ వాగులోనూ దిగలేదు."

వాగు మాట ఆమె అడగనే లేదు.

తెల్లవారి బూట్లు తిరగేసి చూసింది. బస్సు దారి అంతా ఎర్రమట్టి. బూట్ల అడుగు గాడుల్లో మాత్రం నల్లటి బురద, దానికి అంటుకుని తడి పాచి.

అతను లేచి బూట్లవైపు, ఆమెవైపు చూశాడు. "పోనీలెండమ్మా, వాగులో నేనే కడుక్కుంటా."

ఆమె వెళ్ళి పై వాగు దారికి అడ్డంగా నిలబడింది.

"ఆరింటికి బస్సుంది. అలాగే తొడుక్కుని కిందికి దిగు బాబూ. ఇవాళ మా ఇంట్లో బూట్లు కడగం."