అంచు ముక్క

మీరు ఈ పేజీకి ఆ చీర అంచు బొమ్మ చూసే వచ్చి ఉంటారు. నా సైటుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది దానికోసమే వస్తారు. ఎవరు దాన్ని మెచ్చుకున్నా నా లోపల ఒక బరువు కదులుతుంది. బీటెక్ చివరి ఏడు మొదలైన బరువు. ఇప్పుడు పరిశోధన విద్యార్థినయ్యాను, అది మాత్రం తగ్గలేదు. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి సులువనిపిస్తోందా? తెలియనివాళ్లకు ముందు చెప్పుకోవడం కూడా తప్పించుకోవడమేనా? కావచ్చు. అయినా మొదలుపెడతాను.

సైటులో మూడు భాగాలున్నాయి. మొదటిది పరిశోధన: నేసిన బట్టను కెమెరాతో చూసి తెగిన పోగును పట్టుకునే ప్రోగ్రాం. రెండోది ఉద్యోగానుభవం. మూడోది నా ఇష్టాలు. అందులో మా ఇంటి చీర అంచును స్కాన్ చేసి, ఆ అల్లికను కోడ్‌తో సాగదీసి, తిప్పి, రంగులు మార్చి చేసిన బొమ్మలున్నాయి. వాటి కింద ఇంగ్లీషులో ఒకే ఒక మాట: మా అవ్వ చేతులకు. నన్ను పరిశోధనకు తీసుకున్న మేడం, దరఖాస్తుల గుట్టలో నీది గుర్తుండిపోయింది ఆ పేజీ వల్లే అన్నారు. ఆ రోజు నేను నవ్వాను. నవ్వడం ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేస్తాడు. అమ్మ నూలును కండెలకు చుడుతుంది. నాయన వాళ్లమ్మ, అంటే మా అవ్వ, పోగులు అతికేది. నేత ఇళ్ల వాళ్లు కాకపోతే ఇది కాస్త వివరించాలి. మగ్గం మీద నిలువుగా పరిచే నూలును పడుగు అంటారు. పడుగు అయిపోయినప్పుడు దాన్ని మొత్తం తీసేయరు. దువ్వెన పళ్లలాంటి పన్నెలోంచి వచ్చిన పాత పోగుల కొసల్ని, వాటిని పట్టుకుని ఉండే జానెడు నేసిన ముక్కని అలాగే ఉంచుతారు. వెనక వైపు కొత్త పడుగులోని ఒక్కో పోగును ఒక్కో పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. తర్వాత నెమ్మదిగా లాగితే పాత పోగు తను నడిచిన దారిలోనే కొత్తదాన్ని తీసుకొస్తుంది. అంచులో ఏ పోగు ఎటు పోవాలో ఎవరూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మా అంచు తాత ఎక్కించింది. తాత పోయినా అది అలా పడుగు నుంచి పడుగుకు అందుతూ వచ్చింది.

అందించింది అవ్వ. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, గోడకు ఆనుకుని, ఎవరితోనో మాట్లాడుతూనే అతికేది. చూపు మందగించాక కూడా మా వీధిలో అతుకుల పనికి మొదట ఆమెనే పిలిచేవాళ్లు. ఏ ఇంటికి పోయినా ఆమెకు కాఫీ, తమలపాకులు, ఊరి కబుర్లు. సాయంత్రం వచ్చి ఆ కబుర్లన్నీ మాకు ఒప్పజెప్పేది. అదే ఆమె లోకం.

ఆ ఏడు నేను పై చదువుకు దరఖాస్తులు పెడుతున్నాను. సైటు తయారవుతోంది. మూడో భాగం ఖాళీ. మా అంచును ఫోనులో ఫొటో తీస్తే మగ్గం గదిలో వెలుతురు చాలలేదు, గీతలు వంకరగా వచ్చాయి. చదునుగా, శుభ్రంగా కావాలి. ఆదోనిలో బస్టాండు దగ్గర పెద్ద స్కానర్ ఉన్న షాపు ఒకటి తెలుసు. సరిగ్గా అప్పుడే మా మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్తది తేవడానికి నాయన పొద్దున్నే వెళ్లాడు. ఆ జానెడు ముక్క ఎలాగూ తర్వాత కోసి పడేసేదే కదా అనుకున్నాను.

కోశాను.

ముక్క కోస్తే పన్నె ముందున్న పోగుల్ని వెంటనే గుత్తులుగా ముడి వేయాలి. లేకపోతే లాగినప్పుడు జారిపోతాయి. నేత ఇంట్లో పుట్టినవాడికి ఇది తెలియదా? తెలుసు. మధ్యలో కొన్ని ముళ్లు వేశాను. బస్సు పోతుందని మిగతావి వచ్చాక వేద్దామనుకున్నాను. అవ్వతో చెప్పి వెళ్లినా సరిపోయేది. ముందు గదిలోనే కూర్చుని ఉంది. చెప్తే ఎందుకు కోశావని అడుగుతుంది, సైటంటే ఏమిటో వివరించాలి, అంత ఓపిక లేక చెప్పలేదు. ఎన్నోసార్లు నన్ను నేను విచారించుకున్నాను. తొందర, తెలియనితనం, భయం అని వరసగా కారణాలు పేర్చుకున్నాను. తెలియనితనాన్ని నేనే కొట్టేశాను. భయం తర్వాత వచ్చింది. మిగిలింది తొందర. అంతే.

నేను ఆదోని నుంచి తిరిగొచ్చేసరికి నాయన కొత్త పడుగు తెచ్చి ఉన్నాడు. అవ్వ అతకడానికి కూర్చుని పాత కొసల్ని తన వైపు లాక్కుంది. ముడి లేని పోగులన్నీ పన్నెలోంచి జారి ఆమె ఒడిలోకి వచ్చేశాయి. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. ఆమె ఒడిలో రాలిన పోగుల కుప్ప, పక్కన పోగులు కత్తిరించే చిన్న కత్తెర.

"ముక్క ఎవురు కోసినారు?" అన్నాడు నాయన. కోపంగా కూడా కాదు. నమ్మలేనట్టు.

అమ్మ తెలియదంది. అవ్వ తల ఎత్తలేదు. నాయన నా వైపు చూశాడు. ముక్క నా సంచిలో ఉంది. తీసి చూపించడానికి ఒక్క క్షణం చాలు.

"పొద్దున అవ్వ ఈడ కత్తెర పట్టుకోని ఉండె నాయనా," అన్నాను. "మసిగుడ్డకని కోసిందేమో."

మిగిలిపోయిన బట్ట ముక్కల్ని అవ్వ మసిగుడ్డలకు దాచుకునే మాట నిజమే. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. అవ్వ కాసేపు చేతుల్లోని పోగుల్ని తడుముకుంది.

"నేనే కోసింటానేమోలే," అంది. "కండ్లు యాడ కనపడతాండాయి నాకు."

అదండీ నా తప్పు. మగ్గం చెడగొట్టడం కాదు, ఆమె తన మీద తనే నమ్మకం పోగొట్టుకునేలా చేయడం. చేయని పనిని చేసినట్టు ఆమె గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంటే నేను ఎదురుగా నిలబడి చూశాను.

నాయన ఆమెను ఒక్క మాట అనలేదు. ఇంక నువ్వు మగ్గం జోలికి రావద్దులేమ్మా, ఊరికే కూర్చో అన్నాడు, మెత్తగా. ఆ మెత్తదనమే ఆమెను పనిలోంచి తీసేసింది. అమ్మా నాయనా కూర్చుని జారిన పోగులన్నీ మళ్లీ ఎక్కించారు. తాత అంచు వరస ఎవరికీ గుర్తులేదు, చూసి తీయడానికి నేసిన చీరలన్నీ అమ్ముడుపోయాయి. నాయన అందరూ నేసే మామూలు అంచు ఎక్కించాడు. ఆ ముక్క ఇచ్చి ఉంటే దాన్ని చూసి పాత వరస పట్టుకునేవాడు. నేను ఇవ్వలేదు. సైటులో రంగులు మార్చానని మీకు ఇంతకుముందు రాశాను, అది అందం కోసం కాదు. ఇంట్లోవాళ్లు గుర్తుపట్టకూడదని మార్చాను.

సంగతి వీధంతా పాకింది. పక్కింటి మామ ఒకరోజు గడప దగ్గర ఆగి, "ఏం పెద్దమ్మా, అతకమంటే కోస్తివంట కదా," అని నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. తర్వాత పిలుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పుడామె దీపాలకు వత్తులు చేస్తుంది. ఎవరికీ అన్ని వత్తులు అక్కర్లేదు.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు అవ్వ మంత్రాలయం తీసుకుపొమ్మంది. దర్శనమయ్యాక తుంగభద్ర మెట్ల మీద కూర్చున్నాం. ఏళ్లుగా హాస్టల్లో పుస్తకాల మధ్య దాచిన ముక్కను సంచిలోంచి తీసి ఆమె ఒడిలో పెట్టాను. ఏమీ చెప్పకముందే వేళ్లతో తడిమింది.

"ఇది మీ తాత అంచు కదరా."

చెప్పాను. అన్నీ వరసగా, నాకు అలవాటైన పద్ధతిలో. బస్సు, షాపు, సంచి, కత్తెర. తిడుతుందనుకున్నాను. పోనీలే అంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోనీలే అనాలనే ఎదురుచూశాను.

"మీ నాయనకు చెప్పినావా?" అంది.

"లేదవ్వా."

"ఇన్నాళ్లూ నాకు మతి పోయిందనుకుంటి," అంది. లేచేటప్పుడు చెయ్యి ఇచ్చాను. పట్టుకోలేదు, పక్కనున్న కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. పైకి వచ్చాక మాత్రం ఆగింది. నేను చెప్పులు వేసుకునేదాకా నిలబడింది. అది క్షమించడమని నేను అనుకోను. చిన్నప్పటి నుంచీ నాకోసం అలాగే నిలబడేది.

ముక్కను ఆమె కొంగున కట్టుకుంది. తిరిగి ఇవ్వలేదు.

ఈ సైటులో మిగతాదంతా ఇంగ్లీషే. ఈ పేజీ తెలుగులో ఎందుకుందని మీరు అడగవచ్చు. మీకు చెబుతున్నానని మొదలుపెట్టాను గానీ, నాయన చదవాలని రాశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం రెండుసార్లు కూడగట్టుకున్నాను. రెండుసార్లూ మగ్గం చప్పుడు వింటూ వాకిట్లోనే ఉండిపోయాను. ఇది రాస్తూనే బొమ్మల్లో మార్చిన రంగులు తీసేసి అసలు నీలం, ఎరుపు పెట్టాను. కింద తాత పేరు, అవ్వ పేరు రాశాను. అవ్వ చేతులకు అన్న మాట కొట్టేశాను. అలా అనే అర్హత నాకు లేదు.

ఇందాకే నాయనకు ఈ పేజీ లింకు పంపాను. చదువుతాడు, నెమ్మదిగా, ఒక్కో అక్షరం. ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. అవ్వను మళ్లీ మగ్గం దగ్గరికి పిలుస్తాడో లేదో, పిలిచినా ఆమె వస్తుందో లేదో కూడా తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ముక్క కోసింది నేను, నాయనా. అవ్వ కాదు.