బస్సు కదిలేదాకా ఆట

చలికాలం పొద్దున్నే మా గ్రౌండులో బంతి పైకి లేస్తే కాసేపు కనిపించదు. మంచులోకి వెళ్లిపోతుంది. కింద మేం ఆరుగురం తలలెత్తి నిలబడతాం, ఎక్కడ దిగుతుందో అని. ఆ కాసేపు ఎవరికీ వయసు గుర్తుండదు, ఇంట్లో మిగిలిన పని గుర్తుండదు. ఇంకా నిద్రలోనే ఉన్నామేమో అనిపిస్తుంది. అంతలో గట్టు మీంచి ఒక గొంతు వచ్చి ఆ హాయినంతా పాడుచేస్తుంది.

"ముందుకి జరగండమ్మా, జరగండి! ముందంతా ఖాళీ!"

ఆ గొంతు కండక్టర్ బాబాయిది. ఆయనకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు, క్లబ్బులో అందరికీ బాబాయే. జీవితమంతా సిటీ బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరయ్యాడు. నేల మీద నడిచినా కదిలే బస్సులో నడిచినట్టే కాళ్లు ఎడంగా వేసి నడుస్తాడు. మగవాళ్ల వాలీబాల్ జట్టుకీ, జిరాక్స్ షాపులో పనిచేసే నాలాంటివాళ్లున్న ఆడవాళ్ల జట్టుకీ ఆయనే కోచ్. తిట్టడంలో మాత్రం ఆడా మగా తేడా చూపించడు, ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

మా క్లబ్బులో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. దాన్ని మేం 'దులుపుడు' అంటాం. ఓడిపోయిన సాయంత్రం ఎవరూ నేరుగా ఇంటికి వెళ్లకూడదు. బూట్లు విప్పి గోడకేసి కొట్టి మట్టి దులపాలి. గుండ్రంగా కూర్చోవాలి. ఎవరి మీద కోపముంటే వాళ్ల మొహం మీదే అనేయాలి. అందరూ కనీసం ఒక్కసారి నవ్వేదాకా లేవడానికి వీల్లేదు. ఎందుకని అడిగితే బాబాయి దాచుకోకుండా చెప్పేవాడు.

"మా నాన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. ఓడిపోయి వచ్చిన రోజు మా అమ్మని కొట్టేవాడు. నేను మంచం కింద దూరేవాణ్ణి. నా క్లబ్బులోంచి ఏ ఒక్కడూ ఆ కోపం మోసుకుని ఇంటికి పోకూడదు, అంతే."

మా వీధుల్లో ఆడవాళ్లు ఆయన్ని దేవుడిలా చూసేవాళ్లు. నేనూ అలాగే చూశాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మగవాళ్ల జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు గాలిపటం. వాడి పని కరెంటు పని. స్మాష్ కొట్టడానికి లేచాడంటే పైనే ఆగిపోయినట్టుండేవాడు, కిందకి దిగడం మరిచిపోయాడా అని జనం నోళ్లు తెరిచేవాళ్లు. ఆ పేరు అలా వచ్చిందే. బాబాయి కళ్ల ముందు పెరిగినవాడు, కొడుకు లేని లోటు ఆయన వాడితోనే తీర్చుకున్నాడు. మనిషి మెత్తన. మాట మీద మాట అనడు. దులుపుడులో వాడి వంతు వస్తే "నాకెవరి మీదా కోపం లేదు బాబాయ్" అని నవ్వేవాడు. వాడి భార్య కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. మ్యాచ్‌లకి వచ్చేది కాదు. సిగ్గు కాబోలు అనుకునేవాళ్లం.

ఆ ఏడు మా మగవాళ్ల జట్టు సెమీఫైనల్ గెలిచింది. గాలిపటాన్ని భుజాల మీద ఇంటిదాకా మోసుకెళ్లారు. రెండు మూడు రోజులకి బాబాయి, కోర్టు గీతలు సరిగా కనిపించడం లేదని, ఆ కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. ఆ అమ్మాయి ఆయన ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ అడుగుతోంది.

"ఇది బాగుందా మావయ్యా, ఇది బాగుందా?"

ఏదో ఒక అద్దం దగ్గర లోకమంతా తేటపడింది. గోడ మీది అక్షరాలు చూడాల్సినవాడు, ఎదురుగా వంగి ఉన్న ఆమె దవడ కింద పౌడరు చూశాడు. పౌడరు కింద నీలంగా నాలుగు మరకలు.

"ఏంటమ్మా అది?"

"తలుపు తగిలింది."

"తలుపుకి వేళ్లుంటాయా?"

ఆమె అద్దం తీసేసింది. లోకం మళ్లీ మసకైపోయింది. ఆ మసకలోనే బాబాయి, పాపం, తనకి తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మనం ఓడలేదు కదమ్మా. గెలిచాం కదా?"

"గెలిచిన రాత్రే మావయ్యా. ఓడిన రోజు మీరు దులిపి పంపిస్తారుగా, కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అంతే తేడా."

"వాడికి లోపల కోపం ఎక్కువేమో. ఆపుకోలేడేమో."

"ఎందుకు ఆపుకోలేరు? అంత ఎత్తుకి లేచి, అంత జోరుగా చెయ్యి విసిరి, నెట్టుకి బెత్తెడు దూరంలో ఆపేస్తారు కదా. తగిలితే పాయింటు పోతుందని. ఇన్నేళ్లలో ఒక్కసారీ తగిలించలేదని ఆయనే గొప్పగా చెబుతారు. ఇంట్లో పాయింటు పోదు కదా మావయ్యా."

ఆ మాటలు బాబాయే తర్వాత మాకు చెప్పాడు.

ఆ రోజు బాబాయి ఇంటికి వెళ్లేసరికి వాళ్లమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. బాగా పెద్దావిడ, సగం మాటలు వినిపించవు. ఈ మాట మాత్రం ఒక్కసారికే వినిపించింది.

"అమ్మా, నాన్న గెలిచొచ్చిన రోజు కూడా నిన్ను కొట్టేవాడా?"

ఆవిడ తువ్వాలు మడత సరిచేసింది. "గెలిచిన రోజు నీకు మిఠాయి తెచ్చేవాడు కదరా. తిని తొందరగా నిద్రపోయేవాడివి."

బాబాయి అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆ వయసులో, ఆ మనిషి, తల్లి కాళ్ల దగ్గర మడత బట్టల మధ్య చాలాసేపు కూర్చున్నాడట. బయట పొద్దు వాలుతోందో, లేస్తోందో కూడా తెలియలేదన్నాడు.

మర్నాడు మళ్లీ ఆ షాపుకి వెళ్లాడు, ఈసారి అగ్గి మీద గుగ్గిలంలా. "వాణ్ణి ఫైనల్లో ఆడించను. అందరి ముందూ నిలదీస్తాను. జెర్సీ విప్పించి పంపిస్తాను."

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. "పక్కన పెడితే ఆ రోజంతా ఇంట్లోనే ఉంటారు మావయ్యా. మీరు నిలదీస్తే మీ కడుపుమంట చల్లారుతుంది. ఆ తర్వాత తలుపేసుకుని ఆ గదిలో ఉండేది నేను."

మమ్మల్నందరినీ అటు జరగండి ఇటు జరగండి అని ఆడించడమే తప్ప, ఏం చెయ్యాలని ఎవరినీ అడిగి ఎరగని బాబాయి, అప్పుడు అడిగాడు. "నన్నేం చెయ్యమంటావమ్మా?"

"ఆడించండి," అంది ఆమె. "ఎంతసేపు వీలైతే అంతసేపు. ఆయన ఇంటికి రారని నాకు గట్టిగా తెలిసేది మ్యాచ్ జరుగుతున్నప్పుడే. మా అక్క వాళ్ల ఊరికి సాయంత్రం బస్సుంది. అక్క రమ్మంది. నా సామాను తీసుకుని ఆ బస్సెక్కితే చాలు."

అదీ సంగతి. ఐదు సెట్లూ ఆడితేగానీ బస్సు వేళ కాదు. వరసగా మూడు సెట్లూ గెలిచేస్తే గాలిపటం భుజాల మీద ఊరేగుతూ, ఆమె మూటలు కట్టుకుంటుండగానే గుమ్మంలోకి వచ్చేస్తాడు. బాబాయి ఈ విషయం మగవాళ్ల జట్టులో ఎవరికీ చెప్పలేదు. మా జట్టులో నలుగురికి చెప్పాడు.

ఫైనల్ నాడు మధ్యాహ్నం ఎండ కూడా పలచగా, పాలు కలిపినట్టు ఉంది. మేం నలుగురం ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, సైకిల్ షాపు మీదున్న ఆ రెండు గదులకి వెళ్లాం. వీధంతా ఖాళీ, జనమంతా గ్రౌండులోనే. మైకులో స్కోరు చెప్పే లెక్కల మాస్టారి గొంతు ఇళ్ల మీంచి తేలుతూ వస్తోంది. ఆ గదుల్లో ఆమె వస్తువులు ఎంత కొద్దో! బట్టలు, చదువు సర్టిఫికెట్లు, ఒక కుక్కరు, వాళ్లమ్మ ఫోటో. స్నానాల గది తలుపుకి లోపలి గొళ్లెం చూశాను. ఊడిన చోటల్లా పాత మేకుల బెజ్జాలు, వాటి పక్కన కొత్త మేకులు. ఎన్నిసార్లు బిగించుకుందో. నాకు ఒళ్లు మండిపోయింది, చేతిలో ఉన్న కుక్కరు మూత గోడకేసి కొట్టాలనిపించింది. కానీ ఆమె మెల్లగా నడుస్తోంది, మంచం అంచు తాకుతోంది, కిటికీ మూస్తోంది, కలలో పనిచేస్తున్నట్టు. మేమూ గొంతులు తగ్గించాం.

"మొదటి సెట్టు మన జట్టుదే!" అన్నాడు మైకులో మాస్టారు.

"అయ్యో," అన్నాం మేం. సొంత జట్టు గెలుస్తుంటే అయ్యో అన్న అభిమానులం మేమే అయి ఉంటాం.

రెండో సెట్టూ మావాళ్లదే. గాలిపటం అంతెత్తున ఆడుతున్నాడట, మాస్టారికి మాటలు చాలడం లేదు. ఆమె పెట్టె జిప్పు లాగుతున్న చెయ్యి ఆగిపోయింది. మూడో సెట్టులో కూడా మనమే ముందున్నాం అని వినిపించేసరికి ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. "వద్దులే అక్కా. ఆయన వచ్చేస్తారు. ఇవన్నీ మళ్లీ సర్దేద్దాం."

నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అప్పుడే మైకు అయోమయంగా పలికింది. "ఇదేమిటి... కోచ్ గారు ఆటగాణ్ణి మారుస్తున్నారు... నిదానం లోపలికి వస్తున్నాడు!"

నిదానం అంటే మా వీధి మంగలి. మనిషి బంగారం, బంతిని అందుకోవడానికి మాత్రం అది పడిపోయాక బయలుదేరతాడు. ఇన్నేళ్లలో బాబాయి వాణ్ణి ఏ మ్యాచ్‌లోనూ దింపలేదు. ఓటమంటే గిట్టని మనిషి, ఫైనల్లో, గెలుస్తున్న సెట్టులో, మంచి ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టి వాణ్ణి దింపాడు. గాలిపటాన్ని మాత్రం కదపలేదు. జనం కేకలు మాకు వినిపిస్తున్నాయి, బాబాయికి మతి పోయిందని, ఎదుటి జట్టుకి అమ్ముడుపోయాడని. నేను ఆమె భుజం పట్టుకుని లేపాను.

"లే. ఆయన నీకోసమే ఆడిస్తున్నాడు."

మూడో సెట్టు పోయింది. నాలుగోదీ పోయింది. మేం బస్టాండుకి చేరాం, సామాను బస్సు పైకెక్కింది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అద్దం మీద ఎండ పడి ఆమె మొహం నాకు సరిగా కనిపించలేదు, చెయ్యి ఊపిందో లేదో కూడా తెలియదు. బస్సు కదిలింది. నేను గ్రౌండుకి పరుగు తీశాను, ఆ పరుగులో నా కాళ్లు నేలకి తగిలిన గుర్తు లేదు.

ఐదో సెట్టు సగంలో ఉంది. బాబాయి కోర్టు వైపు కాదు, గేటు వైపు చూస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది. జనం మీంచి గొంతు చించుకుని అరిచాను. "బాబాయ్! రైట్ రైట్!"

ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచి, నిదానాన్ని బయటకి పిలిచి, తను పక్కన కూర్చోబెట్టిన ఆటగాణ్ణి మళ్లీ దింపాడు. ఇక గెలవాలని నిజంగానే ఆడించాడు. చేతులూపాడు, తిట్టాడు, గెంతాడు. కానీ అప్పటికే ఆట చేజారింది. రెండంటే రెండు పాయింట్ల తేడాతో పోయింది.

దులుపుడులో ఎవరూ బూట్లు దులపలేదు. అందరి కోపం ఒక్క బాబాయి మీదే. "నిదానాన్ని ఎందుకు దింపావో చెప్పు," అన్నాడు కెప్టెన్.

"చెబుతాను," అన్నాడు బాబాయి, గాలిపటం ఎదురుగా కూర్చుని. "నీ భార్య వెళ్లిపోయిందిరా. ఆమె బస్సెక్కేదాకా నిన్ను ఇక్కడ ఉంచాలని దింపాను. నువ్వామెని కొడుతున్నావు."

గాలిపటం చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. "అది మా ఇంటి విషయం బాబాయ్. ఏదో కోపంలో..."

"కోపం కాదు. కోపమే అయితే నన్నెన్నిసార్లు కొట్టుండాలి నువ్వు? నేను నిన్ను తిట్టినన్ని తిట్లు ఎవరు తిట్టారు? ఒక్కనాడు కన్నెత్తి చూశావా?"

మగాళ్లందరూ నేల చూపులు చూస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరు మరీ ఎక్కువగా చూస్తున్నారనిపించింది నాకు, నా మాట తప్పయితే బాగుండు.

"ఇక ఈ జెర్సీ నీకు లేదు," అన్నాడు బాబాయి. కన్నకొడుకుని పొమ్మన్నట్టే ఉందాయనకి. "ఇంకో క్లబ్బులో చేరితే అక్కడికీ వచ్చి చెబుతాను. ఆమె పోలీసులకి చెబితే సాక్ష్యానికి వస్తాను. మారాలనుంటే అందుకు సాయం చేసేవాళ్లున్నారు, తోడు వస్తాను. ఆమె ఎక్కడుందో మాత్రం అడగకు."

గాలిపటం లేచాడు. "బస్టాండుకి పోతాను, చూసుకుంటాను."

అందరికంటే ముందు లేచినవాడు నిదానం. అంత త్వరగా వాడు లేవడం నేనెన్నడూ చూడలేదు. "అయితే నేనూ వస్తాను," అన్నాడు. కెప్టెన్ లేచాడు. తర్వాత ఒక్కొక్కరే, అందరూ లేచారు. గాలిపటం జెర్సీ విప్పి కింద పడేసి, బస్టాండు వైపు కాక ఇంటి వైపు నడిచాడు. నిదానం, కెప్టెన్ కాస్త ఎడంగా వాడి వెనకే వెళ్లారు.

మిగిలినవాళ్లం నెట్టు విప్పుతుంటే బాబాయి ఫోన్ మోగింది. ఆయన చేతుల్లో నెట్టు ఉందని స్పీకర్ నేనే నొక్కాను. అవతల బస్సు హోరు.

"మావయ్యా, ఊరు దాటేశాం." తనే అడిగింది. "మ్యాచ్ ఏమైంది?"

"ఓడిపోయామమ్మా."

"ఎన్ని సెట్లు?"

"ఐదూ ఆడాం."

ఆ హోరులో ఆమె ఏడుస్తోందని మా అందరికీ తెలుస్తూనే ఉంది.

"చాలాసేపు ఆడారు మావయ్యా," అంది.