సీటు లేని బండికి టికెట్టు

మా ఆయనకి ముఖంలో ఏదీ దాచుకోవడం చేతకాదు. పెళ్ళయిన ఏడాది నా పుట్టినరోజుకని చేతిగడియారం కొని బట్టల అలమారలో దాచాడు. దాచినవాడు ఊరుకోవచ్చుగా. పొద్దున్నుంచీ ఆ అలమార వంకే చూసి నవ్వుకుంటుంటే నాకు తెలియకుండా ఉంటుందా? అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను కారు బేరానికి వెళ్ళాను. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా అది?

ఆయన సిటీ బస్సు డ్రైవరు, నేను అదే బస్సులో కండక్టర్ని. పదకొండో నంబరు రూటు. పరిచయం ఆ రూట్లోనే, పోట్లాటలూ ఆ రూట్లోనే, పెళ్ళి మాత్రం ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికినప్పుడు చేసుకున్నాం. డిపోలో ఆయన్ని 'పాలగిన్నె' అనేవాళ్ళు. నిండా పాలున్న గిన్నె సీటు మీద పెట్టినా చుక్క ఒలకకుండా తోలతాడని. నిజమే, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందొచ్చిన బస్సు వదిలేసి మరీ ఈయన బస్సు కోసం నిలబడేవాళ్ళు. నా పేరు 'చిల్లరమ్మ'. నాకు చిల్లర ఎగ్గొట్టి దిగిపోయినవాడు ఇంకా పుట్టలేదు. ఈయన నోట్లో వేలు పెట్టినా కొరకలేడు కాబట్టి ఇంటికి కావలసిన గయ్యాళితనమంతా నేనొక్కదాన్నే చూసుకున్నాను.

ముప్ఫై ఏళ్ళలో నేను వెనకనుంచి 'రైట్' అనకుండా ఆయన బస్సు కదిపింది లేదు. ఒకసారి జనం ఎక్కేశారు, తలుపు పడింది, వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి చంపుతున్నారు, ఈయన మాత్రం కదలడు. నేనేమో చిల్లర తగువులో పడి ఆ మాట మర్చిపోయాను. దిగాక అడిగితే, "నువ్వు చెప్పలేదుగా, ఎవరైనా మెట్టు మీద ఉన్నారేమో అనుకున్నా" అన్నాడు. ఇంకేం తిడతాం?

ఆ బేరానికి పదహారు నెలల ముందు డిపోలో ఏటా చేసే కంటి పరీక్షలో ఆయన ఎడమ కన్ను దెబ్బతిన్నట్టు తేలింది. లైసెన్సు తీసేసుకున్నారు. ఇంట్లో కూర్చోబెట్టారు. మనిషి ఏడవలేదు, అరవలేదు, అదే నాకు భయం వేసింది. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. ఎక్కడికైనా వెళదామంటే మీరు వెళ్ళిరండి అనేవాడు. బలవంతంగా ఆటో ఎక్కిస్తే తల వంచుకుని కాళ్ళ వంక చూసుకునేవాడు తప్ప ముందున్న రోడ్డు వంక చూసేవాడు కాదు. ఆరునెలలకి నేనూ సర్వీసు ముగించుకుని ఇంట్లో పడ్డాను. ఇద్దరం ఉన్నా ఇల్లు బోసిగానే ఉండేది.

మాకు ఒక్కతే కూతురు. ఇరవై ఆరేళ్ళు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు ఆగిపోతే ఆ గోతిలోకి దిగి కేబుళ్ళు చూసొస్తుంది. అది ఒక సాయంత్రం ఏదో చిన్న స్పోర్ట్స్ కారు బొమ్మలున్న పుస్తకం పట్టుకొచ్చి వాళ్ళ నాన్న ఒళ్ళో పడేసింది. ఈయన కళ్ళజోడు పెట్టుకుని, కుడికంటికి దగ్గరగా పట్టుకుని, గంటసేపు చదివాడు. చదివి, "దీని ఇంజను వెనకాల ఉందట తల్లీ" అన్నాడు. పదహారు నెలల్లో బండి గురించి ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట అది. పిల్ల నా వంక చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, కళ్ళు తుడుచుకోవడానికి.

అప్పుడే తేల్చుకున్నాం, ఆ కారే కొనాలని, పిల్ల తోలుతుంటే పక్కన ఈయన కూర్చోవాలని. ఏడేళ్ళ జీతంలో దాచుకున్నదీ బ్యాంకు ఇస్తానన్నదీ కలిపి మా పిల్ల ఒక గీత గీసుకుంది. కారు ధర ఆ గీతకి లక్షా ఎనభై వేలు పైనుంది. గీత దాటితే నేను బ్యాంకు కాగితం మీద హామీ సంతకం పెట్టనని ముందే చెప్పాను, దాటనని అదీ చెప్పింది. అంటే బేరం కుదిరితే కారు, లేకపోతే ఈయన మళ్ళీ ఆ వరండాకే.

అది ఒక్కతే వెళ్ళి అడిగొచ్చింది మొదటిసారి. షోరూములో టై కట్టుకున్న అబ్బాయి దాన్ని ఎగాదిగా చూసి, చేతిలో ఇంకో పుస్తకం పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళతో రండి అన్నాడట. దానికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేనన్నాను, పెద్దవాళ్ళు కావాలన్నాడుగా, వస్తున్నాం పద అని.

ముందురోజు ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నచ్చినట్టు కనపడకూడదు. కారు ముట్టుకోకూడదు. నవ్వకూడదు, ముఖ్యంగా ఈయన. ధర విన్నాక నిట్టూర్చాలి. చివరికి నేను సంచీ భుజాన వేసుకుని లేస్తే ముగ్గురం ఒకేసారి బయటికి నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. గుమ్మం దాటేలోపు వాడే పిలుస్తాడు. కూరగాయల దగ్గర్నుంచి మా ఇంటి పునాది రాయి దాకా నేను కొన్నవన్నీ అలా కొన్నవే. ఈయన తలూపి, అద్దం ముందు నిలబడి నవ్వకుండా ఉండటం ప్రాక్టీసు చేశాడు. అది చూస్తే నాకే నవ్వొచ్చింది.

షోరూము నిండా గాజే. నేల మీద మన ముఖం కనపడేంత నునుపు. మధ్యలో ఎత్తైన అరుగు మీద ఆ పసుపుపచ్చ కారు. పొట్టిది, నేలకి అంటుకుని ఉంది. మొత్తం రెండే సీట్లు. టై అబ్బాయి మమ్మల్ని చూడగానే నవ్వు తగిలించుకుని వచ్చాడు. నేను ఊపిరి తీసుకోనివ్వలేదు. మేం ముగ్గురం, సీట్లు రెండే, కాబట్టి ధరలో మూడోవంతు తీసెయ్యమన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. డిక్కీలో పచారీ సంచీ కూడా పట్టదన్నాను. వానాకాలం రోడ్డు మీద గుంతలో పడితే క్రేను తేవాలన్నాను. వాడు కంప్యూటరు వంక చూపించి, ధర అందులో ఉంటుంది ఆంటీ, మా చేతిలో లేదు అన్నాడు. ఆ కంప్యూటరుతోనే మాట్లాడించమన్నాను.

అరగంటకి నలభై వేలు దిగాడు. బాగానే ఉంది, ఇంక నడక మొదలుపెట్టే వేళయింది. సంచీ భుజాన వేసుకుని లేచాను. పిల్ల లేచింది. ఇద్దరం తల తిప్పకుండా నడిచాం. గాజుతలుపు దానంతటదే తెరుచుకుంది. వాడు పిలవలేదు. జీవితంలో మొదటిసారి నా నియమం నేనే తప్పి వెనక్కి చూశాను.

మా ఆయన కారులో ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో ఏమో, డ్రైవరు సీట్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, వీపు నిటారుగా పెట్టి, ముందుకు చూస్తున్నాడు. ముందున్నది గోడే అనుకోండి. అయినా ముందుకే చూస్తున్నాడు. ముఖం నిండా నవ్వు. టై అబ్బాయి గుమ్మం వంక చూడట్లేదు, ఆ నవ్వు వంకే చూస్తున్నాడు. ఇంక నన్ను పిలవాల్సిన ఖర్మ వాడికేం పట్టింది?

గబగబా వెళ్ళి వంగి పళ్ళు కొరుకుతూ అడిగాను, లేచి రమ్మన్నానా లేదా అని.

"నువ్వు రైట్ అనలేదుగా," అన్నాడు.

కావాలని అన్న మాట కాదది. సీట్లో కూర్చోగానే ఆయనకి మిగతా పాఠమంతా ఎగిరిపోయింది, ముప్ఫై ఏళ్ళ అలవాటొక్కటే మిగిలింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన అంతటితో ఊరుకోకుండా, కిందికి దిగి ముందు చక్రం దగ్గర కూర్చుని టైరు తడిమి చూసి, టై అబ్బాయితో సొంత మేనల్లుడితో చెప్పినట్టు చెప్పాడు.

"ఐదారు నెలల్నుంచీ దీన్ని కదపలేదు కదా బాబూ? టైరు ఒకేచోట ఒత్తుకుపోయింది చూడు. తిరిగే బండికి ఏమీ కాదు. నిలబెట్టిన బండే తొందరగా పాడైపోతుంది."

ఆయన చెప్పింది టైరు గురించే. నాకు మాత్రం మా వరండా, ఆ కుర్చీ కళ్ళముందు ఆడాయి.

అప్పుడు మా పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు కాసేపు కూర్చో అమ్మా అంది. అని టై అబ్బాయి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. నాటకం లేదు, నిట్టూర్పు లేదు. ఆగిన లిఫ్టు దగ్గర భవనం యజమానితో మాట్లాడినట్టు మాట్లాడింది. కారు మాకు నచ్చింది, దాచేదేం లేదు, చూస్తూనే ఉన్నారు అంది. కొత్త బండి అక్కర్లేదు, అరుగు మీదున్న ఇదే కావాలి. నేను కనుక్కున్న ఇంకో రెండు షోరూముల్లో చెప్పిన ధరలు ఇవీ. ఈ బండి వచ్చి ఆరు నెలలైంది, టైర్లు మార్చాలి, బ్యాటరీ చూడాలి, ఈ నెల ఇంకా రెండు రోజులే ఉంది. నా దగ్గరున్నది ఇంత.

టై అబ్బాయి దాన్ని ఈసారి ఎగాదిగా చూడలేదు. లేచి లోపల గాజుగదిలోకి వెళ్ళాడు, మేనేజరుతో కలిసొచ్చాడు. మేనేజరు కూడా వంగి టైరు చూశాడు. లెక్కలు వేశారు, వెళ్ళారు, వచ్చారు. నేను అరగంట గొంతు చించుకుంటే నలభై దిగినవాళ్ళు, ఈ పిల్ల గొంతు పెంచకుండా అడిగితే ఇంకా లక్షా ఇరవై వేలు దిగారు. నాకు కొంచెం కుళ్ళు కూడా వేసింది, అబద్ధమెందుకు.

కానీ ఇంకా ఇరవై వేలు మిగిలింది. మేనేజరు చేతులెత్తేశాడు. ఇంతకంటే దిగితే నా ఉద్యోగానికే ఎసరు అన్నాడు, వాడి ముఖం చూస్తే నిజమే అనిపించింది. మా పిల్ల లేచి నిలబడింది. లిఫ్టులో ఆరుగురని రాసుంటే ఏడోమనిషిని ఎక్కించని రకం అది. గీత గీతే. "వద్దులెండి సార్, థాంక్స్," అంది.

ఈయన మళ్ళీ ఎప్పుడు ఎక్కి కూర్చున్నాడో, ఆ మాట విని దిగడం మొదలుపెట్టాడు. బస్సు దిగినట్టే వెనక్కి తిరిగి, చేత్తో పట్టుకుని, ఒక్కో కాలే కింద పెట్టి. అంత పొట్టి కారు దిగడానికి అదంతా ఎందుకు! దిగి, స్టీరింగుని రెండుసార్లు తట్టి, పోనీలే తల్లీ అన్నాడు. నవ్వడానికి చూశాడు. నవ్వు దాచుకోవడం రాదన్నానుగా, లేని నవ్వు తెచ్చిపెట్టుకోవడం అంతకన్నా రాదు ఆయనకి.

"రాయి బాబూ," అన్నాను నేను. "ఆ ఇరవై వేలు నేనిస్తాను."

పిల్ల గిర్రున తిరిగింది. "నువ్వెందుకమ్మా? అందులో నీకు సీటే లేదుగా."

"టికెట్టు అనుకో," అన్నాను. "ముప్ఫై ఏళ్ళు మీ నాన్న బండిలో ఊరికే తిరిగాను."

చిల్లర నాణెం కోసం బస్సు ఆపి తగువేసుకున్న దాన్ని. ఆ రోజు నోట్లు లెక్క పెడుతుంటే చెయ్యి బరువనిపించలేదు. రశీదు మాత్రం రెండుసార్లు చదివాను. కారులో కాళ్ళ కింద వేసే పట్టాలూ కారు మీద కప్పే గుడ్డా ఊరికే ఇప్పించుకున్నాను. ఆ మాత్రం చెయ్యకపోతే నేను నేను కాదు.

వారానికి బండి చేతికొచ్చింది. కొత్త టైర్లు. పిల్ల స్టీరింగు ముందు, ఈయన పక్క సీట్లో, కళ్ళజోడు తుడుచుకుని సిద్ధం. తల వంచుకోలేదు. మీరు వెళ్ళండి, నేను బస్సులో వస్తానని షోరూముకి ఎదురుగా ఉన్న స్టాపుకి వెళ్ళాను. పదకొండో నంబరే వచ్చింది. ఎక్కి, చిట్టచివరి సీట్లో వెనక అద్దానికి ఆనుకుని కూర్చున్నాను. ఈపాటికి వాళ్ళు ఇల్లు చేరిపోయి ఉంటారు అనుకున్నాను.

రెండో స్టాపు దాటాక పక్కనున్న కాలేజీ పిల్లలు కిచకిచలాడుతూ వెనక్కి చూపిస్తున్నారు. నేనూ తిరిగి చూశాను. మా పసుపుపచ్చ కారు. బస్సు ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఎగిరిపోవాల్సిన బండి మా బస్సు తోక పట్టుకుని ఈడ్చుకుంటూ వస్తోంది. లోపల పిల్ల ముఖం గంటు పెట్టుకుని ఉంది. తర్వాత ఇంటికొచ్చాక తెలిసింది. అది దాటబోయినప్పుడల్లా ఈయన చెయ్యి అడ్డం పెట్టాడట. "ఆగమ్మా, మీ అమ్మ ఉంది ఆ బస్సులో," అని.

నన్ను చూసి ఈయన లోపలినుంచి చెయ్యి ఊపాడు. ఆ నవ్వు ఉందే, అద్దాల్లోంచి కూడా కనపడింది. మా స్టాపుకి ఇంకా నాలుగు స్టాపులున్నాయి. కండక్టరుగా చేసిన ముప్ఫై ఏళ్ళూ ఎప్పుడు చివరి స్టాపు వస్తుందా అని కాళ్ళు నొక్కుకున్న దాన్ని, ఆ రోజు మాత్రం మా స్టాపు ఆలస్యంగా వస్తే బాగుండుననిపించింది.